సైకిలు తొక్కుతూ ఫోను ఛార్జింగ్: డైనమో నుంచి యూఎస్‌బీ దాకా

మనిషి కదలికల్లో కరెంటుకు అక్కరకొచ్చేవి కొన్నే. ఏ కదలిక ఎంత ఇస్తుందో ముందే తెలుసుకుంటే సామాను కొన్నాక బాధపడే పని ఉండదు. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 1998లో బూట్ల లోపల పీజో పలకలు (వంగినా నొక్కుకున్నా కరెంటు పుట్టించేవి) పెట్టి నడిచి చూస్తే వచ్చింది ఒకటి రెండు మిల్లీవాట్లు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో మోకాలికి కట్టే జనరేటరు చేశారు. రెండు కాళ్ళకూ కలిపి సుమారు 5 వాట్లు వచ్చాయి గానీ, ఒక్కో కాలికి 1.6 కిలోల బరువు కట్టుకొని నడవాలి. చేత్తో తిప్పే జనరేటరు కూడా ఐదు వాట్ల దాకా ఇస్తుంది, కాసేపటికే భుజం పట్టేస్తుంది. సైకిలు పెడళ్ళ మీద మాత్రం మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి గంటసేపు 50 నుంచి 75 వాట్ల పని ఆగకుండా చేయగలడు. కాబట్టి ఫోను ఛార్జ్ కావాలంటే కాళ్ళనూ, కాళ్ళ కింద పెడళ్ళనూ నమ్ముకోండి.

రోజూ బడికో, పొలానికో, పాలు పోయడానికో సైకిలు మీద పోయేవాళ్ళకు డైనమో (టైరుకు రోలరు ఆనించి తిప్పే చిన్న జనరేటరు) పద్ధతి సరిపోతుంది. ముందు దాన్ని పూర్తిగా చెప్తాం. ఇంట్లో స్టాండు వేసి తొక్కే పద్ధతి, పిల్లల సైన్సు ఎగ్జిబిషనుకు బూటు ప్రాజెక్టు తర్వాత వస్తాయి.

ఎంత ఆశించాలి

పాత బాటిల్ డైనమోల మీద 6 వోల్టులు, 3 వాట్లు అని రాసి ఉంటుంది. కొన్నింటి మీద 12 వోల్టులు, 6 వాట్లు అని ఉంటుంది. మొదటి రకంతో గంట తొక్కితే బ్యాటరీలోకి చేరేది సుమారు ఒకటిన్నర వాట్-అవర్ (ఒక వాటు చొప్పున గంటసేపు వస్తే ఒక వాట్-అవర్). బటన్ల ఫోను బ్యాటరీ 1000 ఎంఏహెచ్ అయితే దాని సామర్థ్యం 3.7 వాట్-అవర్లు, అంటే గంట తొక్కుడుకు దాదాపు మూడో వంతు నిండుతుంది. ఈ కాలపు స్మార్ట్‌ఫోను బ్యాటరీ 5000 ఎంఏహెచ్, దాదాపు 19 వాట్-అవర్లు. దానికి గంటకు ఆరేడు శాతం ఎక్కుతుంది. కరెంటు పోయిన రోజు పది నిమిషాలు మాట్లాడుకోవడానికి, ఒక మెసేజ్ పంపడానికి ఆ ఆరు శాతం చాలు. ఫోను మొత్తం నిండాలనుకుంటే మాత్రం కింద చెప్పే స్టాండు పద్ధతికి పోండి.

కావలసిన సామాను

డైనమో ఒకటి. 1ఎన్5819 షాట్కీ డయోడ్లు నాలుగు (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి డయోడ్లు, వాటిలో వోల్టేజి తక్కువ తినేది షాట్కీ). 2200 మైక్రోఫారాడ్, 35 వోల్టుల కెపాసిటర్ ఒకటి. మన ఎండలకు 105 డిగ్రీలది అడిగి తీసుకోండి, 85 డిగ్రీలది త్వరగా ఉబ్బుతుంది. వోల్టేజి హద్దు దాటకుండా పట్టి ఆపే 1ఎన్5349బి జీనర్ డయోడ్లు రెండు (ఒక్కోటి 12 వోల్టులు, 5 వాట్లు). వోల్టేజిని తగ్గించి నిలకడగా ఇచ్చే ఎల్ఎమ్2596 బక్ కన్వర్టర్ బోర్డు. ప్రొటెక్షన్ (సెల్లు మరీ ఖాళీ కాకుండా ఆపే ఏర్పాటు) ఉన్న టీపీ4056 ఛార్జింగ్ బోర్డు. దాని మీద బి+, బి− తో పాటు అవుట్+, అవుట్− కూడా ఉంటే అదే ప్రొటెక్షన్ ఉన్నది. 3 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి. 18650 లిథియం సెల్లు, దాని హోల్డరు. 3.7 నుంచి 5 వోల్టులకు పెంచే యూఎస్‌బీ బూస్ట్ బోర్డు. చిన్న స్విచ్చి. మూతగల ప్లాస్టిక్ డబ్బా. వైరు, హీట్ ష్రింక్ ట్యూబు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు.

కర్నూలు, అనంతపురం, కడప మూడు ఊళ్ళలోనూ టీవీ, మొబైల్ రిపేరు వాళ్ళు విడిభాగాలు కొనే కొట్లలో ఇవి దొరుకుతాయి, లేనివి ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. షాట్కీ లేదని కొట్టువాడు 1ఎన్4007 చేతిలో పెడితే తీసుకోకండి. కరెంటు ప్రతిసారీ రెండు డయోడ్ల గుండా పోవాలి. 4007 జతలో వోల్టున్నర దాకా తినేస్తుంది, 5819 జత అందులో సగమే తింటుంది. ఆరు వోల్టుల్లో అంత పోతే నిదానంగా తొక్కినప్పుడు ఏమీ మిగలదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి పీకిన సెల్లు వాడాలనుకుంటే ముందు మీటరు పెట్టండి. 2.5 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే దాన్ని మళ్ళీ ఛార్జ్ చేయకండి, లోపల షార్టయి మంట పుట్టే ప్రమాదం ఉంది.

మధ్యలో సెల్లు ఎందుకు

డైనమో నుంచి బక్ కన్వర్టర్, దాన్నుంచి నేరుగా ఫోను: చాలామంది ఇలాగే మొదలుపెడతారు, చాలామందికి ఇక్కడే మొరాయిస్తుంది. ఫోను ఒక్కసారిగా ఒక ఆంపియర్ లాగబోతుంది. ఆరు వోల్టుల డైనమో ఎంత వేగంగా తిప్పినా అర ఆంపియర్ దగ్గరే ఆగుతుంది. దాని లోపలి చుట్ట స్వభావం అది. అడిగినంత రాకపోయేసరికి వోల్టేజి కుంగుతుంది. బక్ కన్వర్టర్ ఆ లోటు పూడ్చడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజి ఇంకా కుంగుతుంది. చివరికి ఫోను ఛార్జింగ్ ఎక్కడం, ఆగడం, టింగుమనడం, మళ్ళీ ఆగడం. ప్రతిసారీ స్క్రీను వెలుగుతుంది కాబట్టి వచ్చిన కాస్త ఛార్జీ అక్కడే ఖర్చవుతుంది.

టీపీ4056 బోర్డు మధ్యలో పెట్టి, అది లాగే కరెంటును 400 మిల్లీ ఆంపియర్లకు కట్టేస్తే ఈ గొడవ ఉండదు. కూడలిలో ఆగినా, ఎత్తు ఎక్కేటప్పుడు దిగి నడిపించినా సెల్లులో ఉన్నది ఉంటుంది.

సర్క్యూటు కట్టడం

1. ముందు టీపీ4056 బోర్డు మీద 122 అని రాసి ఉన్న చిన్న రెసిస్టర్ వెతకండి. అది 1.2 కిలో ఓములది, ఒక ఆంపియరుకు సెట్ చేసి ఉంటుంది. దాన్ని వేడి చేసి తీసేసి, అది అతికి ఉన్న రెండు లోహపు మెత్తల మీద 3 కిలో ఓముల రెసిస్టర్ అతికించండి. ఇప్పుడు ఛార్జింగ్ కరెంటు 400 మిల్లీ ఆంపియర్లు. మీది 12 వోల్టుల, 6 వాట్ల డైనమో అయితే 2 కిలో ఓములు వేయండి, సుమారు 580 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ఐరన్ మొన ఎక్కువసేపు ఆనించి ఉంచితే మెత్త ఊడి వస్తుంది, రెండు మూడు సెకన్లలో ముగించండి.

2. బక్ కన్వర్టర్‌కు ఇంట్లో ఉన్న 12 వోల్టుల అడాప్టరు ఇచ్చి, అవుట్‌పుట్ దగ్గర మీటరు పెట్టి, నీలం రంగు స్క్రూ తిప్పుతూ 5.0 వోల్టులకు తెండి. కొన్ని బోర్డుల్లో మొదటి పదిహేను చుట్లకు మీటరు కదలదు, తిప్పుతూనే ఉండాలి. ఈ పని అయ్యేదాకా టీపీ4056 తగిలించకండి. దాని చిప్పు ఎనిమిది వోల్టులు దాటితే తట్టుకోలేదు, కొత్త బక్ బోర్డు కొన్నప్పుడు దేనికి సెట్ చేసి ఉంటుందో చెప్పలేం.

3. డైనమో ఇచ్చేది అటూ ఇటూ దిక్కు మారే ఏసీ కరెంటు. దాన్ని ఒకే దిక్కుకు (డీసీకి) మళ్ళించడానికి నాలుగు డయోడ్లతో బ్రిడ్జి కట్టండి. గీత ఉన్న కొసలు రెండు కలిసిన చోట ప్లస్సు, గీత లేని కొసలు రెండు కలిసిన చోట మైనస్సు. మిగిలిన రెండు కలయికల దగ్గరికి డైనమో వైర్లు వస్తాయి, వాటికి ప్లస్సు మైనస్సు అనేదేమీ లేదు.

4. బ్రిడ్జి ప్లస్సు, మైనస్సుల మధ్య కెపాసిటర్ పెట్టండి. దాని ఒంటి మీద గీత ఉన్న కాలు మైనస్సుకు. తిరగేస్తే ఉబ్బి పగులుతుంది.

5. అదే రెండు వైర్ల మధ్య జీనర్లు రెండింటినీ ఒకదాని వెనక ఒకటి వరసగా పెట్టండి, గీత వైపు ప్లస్సుకు. కాళ్ళు పొట్టిగా కత్తిరించకండి, వాటి వేడి ఆ తీగల గుండానే బయటికి పోవాలి. లోడు లేని (ఏదీ కరెంటు లాగని) డైనమో వేగం పెరిగేకొద్దీ వోల్టేజి పెంచుకుంటూ పోతుంది, దిగుడులో 40 వోల్టులు దాటినా దాటుతుంది. బక్ బోర్డు పోయేది అక్కడే. జీనర్లు 24 దగ్గర పట్టి ఆపుతాయి.

6. ఇక బక్ కన్వర్టర్, దాన్నుంచి టీపీ4056 ఇన్‌పుట్, బి+ బి− లకు సెల్లు, అవుట్+ అవుట్− ల నుంచి స్విచ్చి గుండా బూస్ట్ బోర్డు. బూస్ట్ బోర్డును సెల్లుకే నేరుగా కలిపితే ప్రొటెక్షన్ పని చేయదు, సెల్లు పూర్తిగా ఎండిపోయేదాకా లాగేస్తుంది. తొక్కుతున్నంతసేపు స్విచ్చి ఆపి ఉంచండి. లోపలికి పోయేది, బయటికి వచ్చేది ఒకేసారి జరిగితే సెల్లు ఎప్పుడు నిండిందో టీపీ4056కు తెలియదు.

డైనమో బిగించడం

సగం ఫిర్యాదులు ఈ బిగింపులోనే పుడతాయి. వెనక చక్రం దగ్గర, సీటు కింది నుంచి వెనక ఇరుసుకు దిగే గొట్టానికి క్లాంపు వేయండి. డైనమో నడిమధ్య నుంచి ఒక దారం దాని నిలువు దిక్కునే లాగి పట్టుకుంటే అది చక్రం ఇరుసు మీదుగా పోవాలి. దారం ఇరుసుకు అటో ఇటో పోయిందంటే రోలరు టైరు మీద అడ్డంగా రుద్దుకుంటుంది: కీచుమని చప్పుడు, నెల తిరగకముందే టైరు పక్కన అరుగుడు, కాళ్ళకు బరువు. ఎత్తి పెట్టినప్పుడు రోలరుకూ టైరుకూ మధ్య సెంటీమీటరు ఖాళీ చాలు. ఎక్కువ ఖాళీ ఉంటే స్ప్రింగు ఒత్తిడి చాలక రోలరు జారుతుంది. టైరులో గాలి తక్కువున్నా అంతే. కంపముళ్ళకు రోజుకో పంక్చరయ్యే దారుల్లో గాలి ముందు చూసుకోండి.

డైనమోకు ఒకే వైరు ఉంటుంది, రెండోది సైకిలు ఇనుమే. క్లాంపులో ఉండే మొనదేలిన స్క్రూ రంగును చీల్చుకుని ఇనుములోకి దిగేదాకా బిగించండి. అంతకంటే నమ్మకమైన దారి, డైనమో ఒంటి నుంచే రెండో వైరు విడిగా లాగి డబ్బాలోకి తేవడం.

ఇక్కడ ఒక్క సంగతి బాగా గుర్తుంచుకోండి. బ్రిడ్జి దాటిన తర్వాత వచ్చే మైనస్సు సైకిలు ఇనుముకు తగలకూడదు. ఇనుము డైనమోకు ఒక కొస కాబట్టి, మైనస్సు దానికి తగిలితే బ్రిడ్జిలో ఒక డయోడు అడ్డంగా షార్టయినట్టే. సగం కరెంటు డైనమోలోనే తిరిగి వృథా అవుతుంది, దాని ఒళ్ళు వేడెక్కుతుంది, ఛార్జింగ్ మాత్రం సగానికి పడిపోతుంది. డబ్బా ప్లాస్టిక్‌దే కావాలనేది ఇందుకే. యూఎస్‌బీ సాకెట్టు రేకు హ్యాండిలుకు తగలకుండా చూసుకోండి.

మొదటి పరీక్ష

సెల్లు పెట్టకుండా సైకిలు స్టాండు వేసి చక్రం చేత్తో తిప్పండి. కెపాసిటర్ దగ్గర మీటరు పది వోల్టులు దాటాలి, ఎంత గట్టిగా తిప్పినా పాతిక దగ్గర ఆగాలి. ఆగకుండా పైకి పోతుంటే జీనర్లలో ఒకటి అతుక్కోలేదన్నట్టు. మీటరు ఒక వోల్టు దగ్గరే ఉండిపోతే జీనర్లు తిరగబడ్డాయి. తర్వాత బక్ అవుట్‌పుట్ ఐదు చూపిస్తుందో లేదో చూసి, అప్పుడు సెల్లు పెట్టండి.

దారిలో టీపీ4056 ఎర్ర లైటు నిలకడగా వెలగాలంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం కావాలి. కిలోమీటరు రాళ్ళు ఉన్న రోడ్డు మీద ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఐదు నిమిషాల్లో చేరితే అదే ఆ వేగం. నంద్యాల వైపు చదును రోడ్ల మీద ఇది తేలిక. అనంతపురం ఆషాఢం గాలికి ఎదురు తొక్కితే అంత వేగం అందదు. పోయేటప్పుడు డైనమో ఎత్తేసి, గాలివాటున వచ్చేటప్పుడు ఆనించుకోండి.

దారిలో వచ్చే తంటాలు

వానకు రేగడి బురద రోలరుకు పట్టుకుంటే అది జారుతుంది, లైటు మినుకుమినుకుమంటుంది. గుడ్డతో తుడవండి, నూనె మాత్రం వేయకండి.

ఎండాకాలంలో అసలు ప్రమాదం సెల్లుకు. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో కర్నూలు గాలే 42 ఉంటుంది, ఎండలో నల్ల డబ్బా లోపల ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. తెల్ల డబ్బా తీసుకుని సీటు కింద నీడన కట్టండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా డైనమో ఎత్తేయండి. డబ్బా చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ రోజుకు ఛార్జింగ్ మానేయడమే మంచిది.

టీపీ4056 మీద నీలం లైటు వెలిగిందంటే సెల్లు నిండింది. వెంటనే డైనమో ఎత్తండి. అలాగే తొక్కితే వచ్చే కరెంటంతా జీనర్లలో వేడిగా మారుతుంది. రెండూ కలిసి పది వాట్లకే తూగుతాయి, అదీ గాలి ఆడితేనే.

గుంతల రోడ్డు మీద అదురుకు ముందు తెగేది కెపాసిటర్ కాలు. కట్టాక దాన్ని బోర్డుకు గ్లూ గన్నుతో అతికించండి.

ఇంట్లో స్టాండు వేసి తొక్కడం

2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడూ, 2021 నవంబరు 19న అన్నమయ్య డ్యామ్ తెగి చెయ్యేరు రాజంపేట పల్లెల మీద పడ్డప్పుడూ ఒకరి యోగక్షేమం ఒకరికి తెలియాలంటే ఫోనే దిక్కు. అలాంటప్పుడు నాలుగిళ్ళకు కలిపి ఇలాంటిది ఒకటి ఉంటే ఎంతో మేలు.

వెనక చక్రం నేలకు ఆనకుండా గట్టి ఇనుప స్టాండు కావాలి, మామూలు సైకిలు స్టాండు ఊగుతుంది. వెల్డింగు షాపులో ఇరుసుకు రెండు పక్కలా పట్టే త్రిభుజాలు చేయించండి. ఎలక్ట్రిక్ స్కూటర్లలో వాడే 24 వోల్టుల, 250 వాట్ల డీసీ బ్రష్ మోటారు తీసుకుని, దాని ఇరుసుకు 40 మిల్లీమీటర్ల రోలరు తొడిగి టైరుకు ఆనించండి. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక 18 ఉంటే నిమిషానికి 60 సార్లు తొక్కినప్పుడు చక్రం దాదాపు 147 చుట్లు, 70 సెంటీమీటర్ల చక్రానికి ఆ రోలరు దాదాపు 2,570 చుట్లు తిరుగుతుంది. మోటారు సుమారు 18 వోల్టులు ఇస్తుంది. ఇది డీసీ కాబట్టి బ్రిడ్జి అక్కర్లేదు. ప్లస్సు వైరులో 10 ఆంపియర్ల షాట్కీ డయోడు ఒకటి తప్పకుండా పెట్టండి. అది లేకుండా బ్యాటరీ తగిలిస్తే, తొక్కడం ఆపగానే బ్యాటరీ నుంచి కరెంటు వెనక్కి మళ్ళి మోటారును తిప్పే ప్రమాదం ఉంటుంది. పిల్లల వేళ్ళు చక్రం పుల్లల్లో పడతాయి.

దాని తర్వాత కరెంటు, వోల్టేజి రెండూ సెట్ చేసుకునే ఎక్స్ఎల్4016 బోర్డు. 14.2 వోల్టులకు, 2 ఆంపియర్లకు పెట్టి 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఇవ్వండి. రెండు ఆంపియర్లు దాటనిస్తే ఆ సైజు బ్యాటరీ పాడవుతుంది. బ్యాటరీకి ఐదు ఆంపియర్ల ఫ్యూజు, ఆపైన కార్లలో వాడే ఫోను ఛార్జరు. బ్యాటరీలోకి పోయేది 28 వాట్లే అయినా రోలరు రాపిడి, మోటారు నష్టాలు కలిపి కాళ్ళ మీద 50 వాట్ల బరువు పడుతుంది. పావుగంటకొకరు మారుతూ గంట తొక్కితే ఒక స్మార్ట్‌ఫోను దాదాపు నిండుతుంది.

బూటు ప్రాజెక్టు చేసే పిల్లలకు

సైన్సు ఎగ్జిబిషన్లలో పీజో బూటుతో ఫోను ఛార్జ్ అవుతుందని బోర్డు మీద రాస్తుంటారు. అలా రాయకండి, లెక్క చూడండి. 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ళ కెపాసిటెన్సు సుమారు 20 నానోఫారాడ్లు. తొక్కితే 30 వోల్టులు వచ్చిందనుకుంటే శక్తి 9 మైక్రోజౌళ్ళు. ఎనిమిది బిళ్ళలు, తొక్కినప్పుడూ వదిలినప్పుడూ రెండూ కలిపి, నష్టాలు పోను అడుగుకు 100 మైక్రోజౌళ్ళు వేసుకుందాం. 19 వాట్-అవర్ల ఫోను నిండాలంటే 68,400 జౌళ్ళు, అంటే 68 కోట్ల 40 లక్షల అడుగులు. సెకనుకొక అడుగు చొప్పున నిద్ర లేకుండా నడిచినా ఇరవై ఏళ్ళు దాటుతుంది.

ఎల్ఈడీ మెరిపించడం మాత్రం చక్కగా కుదురుతుంది. బిళ్ళ అంచులు మాత్రమే ఆనేలా రబ్బరు రింగు మీద అతికించి, నడిమధ్య చిన్న స్పాంజి ముక్క పెట్టి మీద అట్ట వేయండి. మడమ బరువు బిళ్ళ అంతటి మీదా సమంగా పడితే అది వంగదు, కరెంటు రాదు. ఎక్కువ వంగితే తెల్ల పొర పగులుతుంది. ఒక్కో బిళ్ళకు నాలుగు 1ఎన్4148 డయోడ్లతో విడి బ్రిడ్జి కట్టి, అన్ని ప్లస్సులూ ఒక చోట, అన్ని మైనస్సులూ ఒక చోట కలపండి. బిళ్ళలన్నిటినీ ఒకే బ్రిడ్జికి కలిపితే ఒకటి నొక్కుకునే వేళకు ఇంకోటి వదులుకుంటూ ఉంటుంది, ఒకదాని కరెంటు ఇంకోటి మింగేస్తుంది. ఇక్కడ షాట్కీ వద్దు, వెనక్కి కారే కరెంటు వాటిలో ఎక్కువ, ఇంత చిన్న లెక్కలో అదే మొత్తం తినేస్తుంది. 100 మైక్రోఫారాడ్, 25 వోల్టుల కెపాసిటరులో పెన్న ఇసుకలో చెలమ ఊరినట్టు వోల్టేజి మెల్లగా ఊరుతుంది. పది వోల్టులకు చేరితే ఐదు మిల్లీజౌళ్ళు ఉన్నట్టు. అన్నీ సరిగ్గా కుదిరితే యాభై అడుగులు, మామూలుగా వంద అడుగులు పడతాయి. అప్పుడు బటన్ నొక్కితే ఒక కిలో ఓము రెసిస్టర్ గుండా ఎర్ర ఎల్ఈడీ ఒక్కసారి మెరుస్తుంది.

బోర్డు మీద అడుగుల సంఖ్య ఒక వరసలో, కెపాసిటర్ వోల్టేజి పక్క వరసలో, పదేసి అడుగులకొకసారి మీటరు చూసి రాయండి. కింద 68 కోట్ల లెక్క వేయండి. ఆ పక్కనే సైకిలు డైనమో పెట్టి, చూడటానికొచ్చిన వాళ్ళ చేత చక్రం తిప్పించి ఎర్ర లైటు చూపించండి.